కర్ర ఏ చేతిలో ఉండాలి?

తెనాలిలో మా మేనత్త ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటాయి. ఆరేళ్ళ కిందట ఆవిడకు కుడి తుంటిలో నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పకుండా బీరువా వెనక నుంచి మామయ్య పొన్నుకర్ర తీసి, తుడుచుకుని, కుడిచేత్తో పట్టుకుని నడవసాగింది. నొప్పి ఉన్న వైపే కదా ఆసరా కావాలి! మేమూ అలాగే అనుకున్నాం. రెండు నెలల తర్వాత ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చింది. కాసేపు అత్తయ్య నడక చూసి, కర్ర తీసి ఎడమచేతికి ఇచ్చింది.

"నొప్పి ఇటుంటే కర్ర అటెందుకమ్మాయ్?"

"నాలుగడుగులు వేసి చూడండి అమ్మమ్మగారూ, మీకే తెలుస్తుంది."

నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు దగ్గర ఆగి మా వైపు తిరిగింది. రెండు నెలలుగా ముడిపడి ఉన్న కనుబొమ్మలు విడివడ్డాయి.

కర్ర చెయ్యి మారితే లోపల ఏం మారింది? నడకలో ప్రతి అడుగుకూ కొంతసేపు ఒళ్ళంతా ఒక్క కాలి మీదే ఉంటుంది. కుడికాలి మీద ఉన్న ఆ క్షణాన్ని పట్టుకుని చూద్దాం. ఒంటి బరువు కుడి తుంటి కీలుకు సరిగ్గా పైన ఉండదు. దానికి ఎడమపక్కన, ఒంటి నడిమధ్యన ఉంటుంది. అందువల్ల నడుము ఎడమవైపుకి ఒరిగిపోవాలి. ఒరగకుండా ఆపేవి కీలుకు బయటివైపున్న పిరుదు కండరాలు. ఇది త్రాసు లాంటిదే గాని, దీని రెండు చేతులూ సమానం కావు. లెక్క తేలిగ్గా ఉండటానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. మనిషి బరువు 60 కిలోలు. నేల మీదున్న కాలి బరువు తీసేస్తే, కీలు మోయాల్సింది 50 కిలోలు. అది కీలుకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. కండరం పట్టు మాత్రం 5 సెంటీమీటర్ల దూరంలోనే. సగం దూరం నుంచి లాగాలంటే రెట్టింపు బలం కావాలి. కండరం 100 కిలోల బలంతో లాగుతుంది. ఆ లాగుడూ, పైనుంచి ఉన్న బరువూ కలిసి కీలు మీద 150 కిలోలు పడతాయి. అరవై కిలోల మనిషి తుంటి, నడిచే ప్రతి అడుగులోనూ రెండున్నర మనుషుల బరువు మోస్తోందన్నమాట.

ఇప్పుడు ఎడమచేతిలో కర్ర పెట్టండి. ఆ చెయ్యి కుడి తుంటికి ఎంతలేదన్నా 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. గునపంతో బండ లేపినవాళ్ళకు దీని అర్థం చెప్పక్కర్లేదు: పట్టు ఎంత దూరమైతే బలం అంత తక్కువ చాలు. కర్ర మీద 6 కిలోల పాటి బరువు వేస్తే, ఆ దూరం వల్ల కండరం పని 100 నుంచి 52 కిలోలకు దిగుతుంది. కీలు మీద మొత్తం భారం 150 నుంచి 96కి వస్తుంది. అరచేత్తో వేసిన ఆరు కిలోలు తుంటి మీంచి యాభై నాలుగు కిలోలు దించాయి. అదే కర్ర కుడిచేతిలో ఉంటే ఈ సాయం అందదు. మనిషే కర్ర మీదికి ఒరిగి, కుంటుతూ నడవాలి. మోకాలి నొప్పికీ ఇదే సూత్రం. మెట్ల దగ్గర మాత్రం ఇంకో మాట గుర్తుంచుకోవాలి: ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు నొప్పికాలు.

ఆ అమ్మాయి ఇంకో లోపం కూడా చూపించింది. చెప్పులు వేసుకుని, చేతులు వదిలేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. అప్పుడే పిడి పట్టుకున్న మోచెయ్యి కొద్దిగా వంగి, బరువు వేయడానికి వీలవుతుంది. మామయ్య ఆరడుగుల మనిషి. కర్ర మూడంగుళాలు కోసి, కింద ఇనప పొన్ను తీసేసి రబ్బరు తొడుగు వేయించాలంది. అత్తయ్య వెంటనే ఒప్పుకోలేదు. అది మామయ్య చేతి కొలతకు చేసిన కర్ర. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తనే వడ్రంగిని పిలిపించింది. కోసిన ముక్క ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది.

పెద్దవాళ్ళకు సాయపడే సాంకేతికత గురించి ఒక అధ్యాయం రాయాలనుకున్నప్పుడు రోబోలూ సెన్సర్లూ గుర్తుకు రాకముందే నాకు ఈ కర్ర గుర్తొచ్చింది. ఇందులో బ్యాటరీ లేదు. అయినా ఏ చేతిలో ఉండాలి, ఎంత పొడవుండాలి, దాన్ని మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి అన్న మూడు ప్రశ్నలూ ఇందులోనే ఉన్నాయి. ఎంత కొత్త యంత్రం వచ్చినా ఈ మూడింటికీ జవాబు చెప్పుకోవాల్సిందే.

*

1973లో పావెల్ లాటన్, ల్యూసిల్ నాహెమో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వృద్ధాప్యాన్ని చూసే తీరునే మార్చేసిన ఒక ఆలోచన చెప్పారు. మనిషికి ఎంత శక్తి ఉందన్నది ఒక లెక్క. చుట్టూ ఉన్న పరిసరం ఆ మనిషిని ఎంత అడుగుతోందన్నది ఇంకో లెక్క. ఎత్తు గడప అడుగుతుంది. బిగుసుకున్న సీసా మూత అడుగుతుంది. బావి చేద అడుగుతుంది. బస్సు మొదటి మెట్టు మరీ ఎక్కువ అడుగుతుంది. ఈ రెండు లెక్కలూ పొందికగా ఉన్నంతకాలం మనిషి తన పని తాను చేసుకుంటాడు. శక్తి తగ్గినప్పుడు అదే గడప కొండవుతుంది. "ఆవిడకు చేతకావడం లేదు" అంటాం మనం. గడపను రెండంగుళాలు తగ్గిస్తే చేతనవుతుందేమోనని తక్కువమందికి తోస్తుంది.

ఈ ఆలోచనకు రెండో కొస కూడా ఉంది. ప్రేమ ఎక్కువున్న మన ఇళ్ళల్లో దాన్ని మర్చిపోతాం. పరిసరం మరీ తక్కువ అడిగినా నష్టమే. "నువ్వు కూర్చో అమ్మా, మేం చేస్తాం" అన్న మాట ఎంత ప్రేమతో అన్నా, రోజూ అంటే ఒంటికి చేటు. 2007లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం ఉంది. ఆరోగ్యంగా ఉన్న కొందరు పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచారు. పదే రోజుల్లో వాళ్ళ కాళ్ళ కండ దాదాపు ఒక కిలో తరిగింది. జబ్బు లేదు, దెబ్బ లేదు, వాడకపోవడమే కారణం. పాతికేళ్ళవాడికి కరిగిన కండ తొందరగా తిరిగొస్తుంది. ఎనభై ఏళ్ళ కాలికి ఆ కిలో తిరిగి రావడం చాలా కష్టం.

అందుకే సాయపడే వస్తువు చెయ్యాల్సిన పని సున్నితమైంది. పని మొత్తం లాగేసుకోకూడదు. మనిషికి అందని ఆ చివరి జానెడు మాత్రం అందించాలి. మిగతాదంతా ఆవిడే చేసుకోవాలి.

ఆ జానెడు ఎక్కడుందో తెలియాలంటే వయసు ఒంట్లో ఏం మారుస్తుందో తెలియాలి. కంటి సంగతి చాలామందికి తెలుసు: నలభై దాటితే చత్వారం. కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి చూపుకు వంగలేకపోతుంది. అంతగా తెలియనిది వెలుతురు సంగతి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ళ కన్ను లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడోవంతే అరవై ఏళ్ళ కంటికి అందుతుంది. నీలి రంగు ఛాయలు మసకబారతాయి. తెల్లగోడ మీద తెల్ల స్విచ్చి, బూడిద రంగు మెట్టు పక్కన బూడిద రంగు మెట్టు, తెల్ల టైల్సు మీద మెరిసే స్టీలు కడ్డీ: ఇవన్నీ కుర్ర కళ్ళు కుర్ర కళ్ళ కోసం ఎంచినవి. మెట్టు అంచుకు ముదురు రంగు గీత గీయడానికి వంద రూపాయల రంగు చాలు. ఒక తుంటి ఎముకను కాపాడే శక్తి ఆ గీతకుంది.

చెవి దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే ఇళ్ళల్లో కలతలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. వయసుతో వచ్చే చెవుడు అన్ని ధ్వనులనూ సమానంగా తగ్గించదు. ముందు పోయేవి పై స్థాయి, సన్నటి ధ్వనులు. మన మాటలో అచ్చులు కింది స్థాయిలో, బలంగా పలుకుతాయి. హల్లులను ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరుచేసే చిన్న చిటుకులూ, స-ష వంటి బుసలూ పై స్థాయిలో, బలహీనంగా ఉంటాయి. కాబట్టి "పాలు తెచ్చావా" అన్న మాటలో "ఆలు" చక్కగా వినిపిస్తుంది. ముందున్నది ప-నో, త-నో, క-నో తెలియదు. పాలో, తాలో, కాలో ఆవిడే ఊహించుకోవాలి. "వినపడుతోందిరా, అర్థం కావడం లేదు" అనేది అందుకే. అది అచ్చంగా శాస్త్రీయమైన ఫిర్యాదు. మనం గట్టిగా అరుస్తాం. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే. హల్లులు వాటి కింద ఇంకా కూరుకుపోతాయి. పైగా అరుపులో విసుగు వినిపిస్తుంది, అది మాత్రం ఏ చెవికైనా అందుతుంది. ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా, నిదానంగా మాట్లాడటం అరుపు కంటే మేలు.

వినికిడి మిషన్ ఈ పై స్థాయి ధ్వనులను ఎంచి పెంచుతుంది. చత్వారం అద్దాల్లా పెట్టుకోగానే అంతా సర్దుకోదు. కొన్నేళ్ళుగా వినని గిన్నెల చప్పుడూ, ఫ్యాను రొదా ఒక్కసారిగా మీద పడతాయి. మెదడు వాటిని మళ్ళీ వెనక్కి నెట్టడం నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. ఈ ముక్క ముందుగా చెప్పనివాళ్ళు అమ్మిన మిషన్ బీరువాలోకి చేరుతుంది. ఇంకో చిక్కు: ఎవరికీ కనిపించకూడదని మిషన్‌ను చిన్నది చేస్తూ పోయారు. కందిగింజంత బ్యాటరీని వణికే వేళ్ళు ఎలా మార్చాలి? సిగ్గు కోసం చేసిన రూపం చేతికి అడ్డమైంది. ఇంట్లో ఛార్జింగ్ డబ్బీలో పెట్టేసే మిషన్లు వచ్చాక ఈ బాధ కొంత తీరింది.

వేలికొసల సంగతి కూడా చెప్పాలి. వయసుతో చర్మం పొడిబారుతుంది. ఫోను తెర వేలిలోని తడి ద్వారా కలిగే సూక్ష్మమైన విద్యుత్ మార్పును బట్టి వేలిని గుర్తిస్తుంది. పొడివేలు దానికి సరిగా కనిపించదు. పలకలేదేమోనని పెద్దవాళ్ళు ఇంకాస్త గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఎక్కువసేపు నొక్కడమంటే ఫోను లెక్కలో వేరే ఆజ్ఞ. తెర మీద ఏదో కొత్తది తెరుచుకుంటుంది, వాళ్ళు భయపడి ఫోను పక్కన పెట్టేస్తారు. తప్పు వాళ్ళదనుకుంటారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. వేలిముద్రలూ అంతే. ఏళ్ళ తరబడి పొలం పనీ, అంట్లపనీ చేసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. పింఛనుదారులు బతికే ఉన్నట్టు ఇంటి నుంచే నిరూపించుకోవచ్చని 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021లో మొహం చూసి గుర్తించే పద్ధతి చేర్చాక వేలిముద్ర పడనివాళ్ళకు దారి సులువైంది.

*

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. 1980ల చివర్లో శామ్ ఫార్బర్ అనే అమెరికన్ వ్యాపారి, భార్య బెట్సీతో కలిసి దక్షిణ ఫ్రాన్సులో సెలవులు గడుపుతున్నాడు. వంటసామాను కంపెనీ నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. బెట్సీ చేతివేళ్ళకు కీళ్ళవాతం. ఆపిల్ పండ్ల తొక్క తీస్తోంది. ఆనాటి పీలరు పిడి సన్నటి రేకు ముక్క. దాన్ని పట్టుకోవాలంటే వేళ్ళు పూర్తిగా ముడవాలి, గట్టిగా నొక్కాలి. వాచిన కీళ్ళు చెయ్యలేని పని అదే. ఆ బాధలోంచి పుట్టిన ఆలోచనను శామ్, న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ అనే సంస్థకు తీసుకెళ్ళాడు. 1990లో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో వంటింటి పనిముట్లు బజారుకొచ్చాయి.

ఆ పీలరు పిడి చూస్తే మొదట లావుగా, నల్లగా, కాస్త మొరటుగా కనిపిస్తుంది. లావు కావడంలోనే కిటుకంతా ఉంది. సన్నటి పిడిని పట్టాలంటే వేళ్ళు చివరిదాకా ముడుచుకుని బిగించాలి. లావు పిడి అరచేతిలో పరచుకుంటుంది, నొక్కు ఒకచోట పోగుపడకుండా చెయ్యంతా పంచుకుంటుంది. పిడికి వాడింది మెత్తటి రబ్బరు లాంటి పదార్థం, తడిచేతిలోనూ జారదు. బొటనవేలూ చూపుడువేలూ ఆనేచోట పల్చటి రెక్కల వరసలున్నాయి. సైకిలు హ్యాండిలు రబ్బరు పట్టు చూసి పుట్టిన ఊహ అది. వేలు అక్కడికి తగలగానే పట్టు ఎక్కడ పట్టాలో చెయ్యికే తెలిసిపోతుంది. చూపు సరిగా లేనివాళ్ళకూ పనికొస్తుంది.

దాన్ని రోగుల సామాను దుకాణంలో పెట్టలేదు. మామూలు వంటసామాను అలమరలో పెట్టారు. కుర్రవాళ్ళు కొన్నారు, వంటవాళ్ళు కొన్నారు. కీళ్ళవాతం ఉన్నావిడ కొంటే అది ఎవరి దృష్టిలోనూ ప్రత్యేకం కాలేదు. ఈ దారికి సార్వజనీన రూపకల్పన అనే పేరూ, సిద్ధాంతమూ తెచ్చినవాడు రోనాల్డ్ మేస్. చిన్నప్పుడు పోలియో సోకి చక్రాల కుర్చీలో తిరిగిన ఆర్కిటెక్టు; నార్త్ కరోలినాలో పనిచేశాడు. అందరికీ సరిపోయేలా మొదటే చెయ్యి, కొందరి కోసం తర్వాత అతుకులు వెయ్యకు అన్నది ఆయన పట్టుదల.

పీలరు కథను ప్రపంచం ఎలా చెప్పుకుందో కూడా గమనించాలి. దయగల భర్త, నొప్పులున్న భార్య కోసం చేసిన పనిగా అది ప్రచారమైంది. బెట్సీ స్వయంగా ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. పిడి ఎలా ఉండాలన్న ఊహలో తన పాలు ఎంతో ఉందనీ, లోకం తనను కీళ్ళవాతం ఉన్న మనిషిగానే గుర్తుంచుకుంటుందేమోననీ ఆమె తర్వాత బాధపడింది. నాకు ఆ కథలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. నొప్పి ఉన్న చేతికి నొప్పి ఒక్కటే ఉండదు, తెలివి కూడా ఉంటుంది. ఆ పిడి లావు ఎంతుండాలో ఆ చెయ్యి కంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

మన వంటింట్లోనూ ఇలాంటి తెలివి పాతదే. కత్తిపీటను చూడండి. కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. పీటను కాలు తొక్కిపడుతుంది. రెండు చేతులూ ఖాళీ. వేళ్ళు పిడిని బిగించి పట్టాల్సిన అవసరమే లేదు. చేతి కీళ్ళకు ఇంతకంటే హాయైన పనిముట్టు అరుదు. అడ్డొచ్చేది నేల. మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వని రోజున కత్తిపీట కూడా దూరమవుతుంది. వంటగట్టుకు బిగించుకునే కత్తిపీట చేసినవాడెవరోగాని, వాడు ఏదో ఒక అమ్మమ్మను శ్రద్ధగా గమనించే ఉంటాడు.

*

ఇచ్చిన వస్తువులన్నీ వాడకంలో ఉండవు. 1993లో బెట్సీ ఫిలిప్స్, హాంగ్‌జిన్ జావో అనే పరిశోధకులు అమెరికాలో 227 మంది వైకల్యం ఉన్నవాళ్ళను అడిగితే, వాళ్ళు తెచ్చుకున్న పరికరాల్లో 29.3 శాతం మూలపడ్డాయని తేలింది. కారణాల్లో ముఖ్యమైనది: ఎంచేటప్పుడు వాడబోయే మనిషి అభిప్రాయం ఎవరూ పట్టించుకోకపోవడం.

దీనికంటే నన్ను కలవరపెట్టిన అధ్యయనం ఇంకొకటుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై దాటిన 110 మందిని ఏడాదిపాటు దగ్గరగా గమనించి, 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆ ఏడాదిలో 66 మంది పడిపోయారు. వాళ్ళలో 20 మంది గంటో, అంతకంటే ఎక్కువసేపో నేల మీదే ఉండిపోయారు. పడినప్పటి దెబ్బ కన్నా లేవలేక పడి ఉన్న ఆ గంటలు ఒక్కోసారి ఎక్కువ హాని చేస్తాయి: ఒత్తిడికి కండరం చితుకుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, నీరు తగ్గుతుంది. సాయానికి పిలవడానికి మెడలో వేసుకునే బొత్తామో, గోడకు తాడో చాలామందికి అందుబాటులో ఉంది. అయినా అంతసేపు పడి ఉన్నవాళ్ళలో చాలామంది దాన్ని వాడలేదు. కొందరు ఆ సమయానికి వేసుకోలేదు. కొందరు తామే లేవగలమనుకున్నారు. ఒకరిని ఇబ్బంది పెట్టడం ఎందుకనీ, ఆసుపత్రికి తీసుకుపోతారనీ వెనకాడినవాళ్ళున్నారు. ఆ బొత్తాన్ని చేసిన ఇంజనీరు తీగలూ బ్యాటరీలూ అన్నీ సరిచూసే ఉంటాడు. నొక్కితే తన ఇల్లు తనది కాకుండా పోతుందేమోనన్న భయాన్ని సరిచూసే పరికరం ఆయన దగ్గర లేదు.

ఇక్కడ మళ్ళీ అత్తయ్య దగ్గరికి రావాలి. ఆవిడ కొడుకు, మా బావ, అమెరికాలో ఉంటాడు. ఒక ఉగాదికి వచ్చి హాల్లో కెమెరా పెట్టించి వెళ్ళాడు. తల్లి మీద బెంగతోనే పెట్టాడు, అందులో సందేహం లేదు. అక్కడ రాత్రి నిద్ర పట్టక ఫోనులో ఆవిడ తిరుగుతూ కనిపిస్తే ధైర్యం తెచ్చుకునేవాడు. కొన్నాళ్ళకు నేను వెళ్ళేసరికి అత్తయ్య హాలు వదిలేసి, వెనక వసారాలోనే ఉంటోంది. అక్కడ వెలుతురు తక్కువ, నేల ఎగుడుదిగుడు. "హాల్లో ఉంటే ఎవరో ఇంటికొచ్చినట్టే ఉందిరా. పమిట సర్దుకుంటూ ఎంతసేపు కూర్చోను" అంది. కెమెరా ఆవిడను భద్రమైన గదిలోంచి ప్రమాదమున్న వసారాలోకి పంపింది.

ఇదే బెంగను జపాన్‌లో ఇంకోలా తీర్చారు. 1996లో టోక్యోలోని ఇకెబుకురోలో ఒక ముసలి తల్లీ, జబ్బుతో ఉన్న కొడుకూ చనిపోయి, చాలా రోజుల వరకూ ఎవరికీ తెలియలేదు. ఆ సంఘటన కదిలించగా, జోజిరుషి అనే ఫ్లాస్కులూ కెటిళ్ళూ చేసే కంపెనీ 2001లో ఐ-పాట్ తెచ్చింది. చూడటానికి మామూలు ఎలక్ట్రిక్ వేడినీళ్ళ కుండ. జపాన్ ఇళ్ళలో టీ కోసం రోజంతా నీళ్ళు వేడిగా ఉంచుకోవడం అలవాటు. అమ్మ పొద్దున్నే నీళ్ళు పోసుకుంటే ఆ సంగతి ఎక్కడో ఉన్న కూతురికి చేరుతుంది. పోసుకోకపోతే అదీ తెలుస్తుంది. కూతురు ఫోను చేస్తుంది. అంతే. ఆవిడ ఎలా కూర్చుంది, ఏం కట్టుకుంది, ఎవరితో మాట్లాడింది ఎవరికీ కనిపించదు. కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు, మెడలో వేసుకోవాల్సింది లేదు. టీ తాగితే చాలు. రోజూ చేసే ఒక ఇష్టమైన పని "నేను బాగానే ఉన్నాను" అన్న కబురుగా మారింది.

సాంకేతికంగా చూస్తే కెమెరాకు ఎక్కువ తెలుసు, కుండకు తక్కువ తెలుసు. కుండ గొప్పతనం ఆ తక్కువలోనే ఉంది. బెంగ తీరడానికి ఎంత తెలియాలో అంతే తెలుసుకుంటుంది. ఇలాంటి వస్తువు ఏది ఇంటికి తెచ్చినా నేనిప్పుడు మూడు అడుగుతాను: సమాచారం ఎవరికి వెళ్తోంది, ఆ సంగతి పెద్దవాళ్ళకు తెలుసా, వాళ్ళకు వద్దనిపిస్తే ఆపగలరా. మూడోదానికి జవాబు లేకపోతే అది కాపలా. బావతో ఇదే మాట్లాడాను. కెమెరా తీయించాడు. పొద్దున్న ఆరున్నరకు కాఫీ పెట్టుకున్నాక అత్తయ్యే ఫోనులో ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఆదివారాలు మిస్డ్ కాల్ కాస్తా గంట కబుర్లవుతోంది.

రోబోల గురించి ఎక్కువ చెప్పను. జపాన్‌కే చెందిన తకనోరి షిబాతా 1993లో పని మొదలుపెట్టి తయారుచేసిన పారో అనే సీలు పిల్ల బొమ్మ నిమిరితే కదులుతుంది, కూస్తుంది. 2009లో అమెరికా దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. మతిమరుపు వ్యాధి ఉన్న 415 మందితో ఆస్ట్రేలియాలో జరిగి 2017లో వెలువడిన పెద్ద పరీక్షలో ఫలితాలు కొంతవరకే బాగున్నాయి. ఒంటరితనానికి అది మందు అని నేననలేను. యంత్రం మెచ్చుకోదగ్గ పని చేసేది ఒక నిర్దిష్టమైన అవసరం ముందు తలవంచినప్పుడు. అనుపమ్ పాఠక్ అనే ఇంజనీరు రూపొందించిన లిఫ్ట్‌వేర్ చెంచా అలాంటిది. వణుకున్న చెయ్యి సెకనుకు నాలుగు నుంచి పన్నెండు సార్ల వరకూ ఊగుతుంది. కావాలని కదిలించే కదలిక అంతకంటే చాలా నిదానం. పిడిలోని సెన్సర్లు ఈ తేడా పట్టుకుంటాయి, మోటార్లు చెంచాను వణుకుకు ఎదురుదిక్కుగా తిప్పుతాయి. చెయ్యి వణుకుతూనే ఉంటుంది, చెంచా నిలకడగా నోటికి చేరుతుంది. నలుగురిలో కూర్చుని ఒంటి మీద ఒలకకుండా తినగలగడం ఎంత పెద్ద విషయమో, పెళ్ళిళ్ళలో భోజనం మానేసే పెద్దవాళ్ళను చూసినవాళ్ళకు తెలుస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైగా ఉన్నారు. ఆదాయం తక్కువున్న వృద్ధులకు ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి మిషన్లు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. కష్టంలో ఉన్న పెద్దవాళ్ళు ఫోను చేయడానికి 14567 అనే నంబరుంది. దాని తొలి రూపం హైదరాబాదులో మొదలై తర్వాత దేశమంతటికీ వెళ్ళింది. వస్తువు చేతికందడం పెద్ద అడుగు. ఇచ్చే చోట ఇంకో ఐదు నిమిషాలు కేటాయించి, కర్ర మణికట్టు ఎత్తుకు సరిచేసి, ఏ చేత్తో పట్టాలో నాలుగడుగులు నడిపించి చూపితే ఆ అడుగు పూర్తవుతుంది. ఆ ఐదు నిమిషాలకూ బడ్జెట్‌లో చోటుండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పోయిన వేసవిలో అత్తయ్య బాత్రూంలో కమ్మీ బిగించాం. మేస్త్రీ కుళాయి పక్కన, నడుమెత్తున చక్కగా ఉంటుందన్నాడు. నేను ఫోనులో కొలతలు వెతుకుతున్నాను. అత్తయ్య మా ఇద్దర్నీ పక్కకు జరగమని, లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చుని, రోజూ లేచినట్టే లేచింది. ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళి తలుపు చట్రాన్ని పట్టుకుంది. మేం వంగి చూశాం. ఆకుపచ్చ రంగు వేసిన చట్రం మీద ఆ ఒక్కచోట, జానెడు మేర రంగంతా పోయి, చెక్క నున్నగా మెరుస్తోంది.

"ఇక్కడ పెట్టండి. తెల్లగోడ మీద స్టీలు నాకు కనపడదు, ఎర్ర రంగుది తెండి" అంది.

మేస్త్రీ చెవి మీంచి పెన్సిలు తీసి, రంగు పోయినచోటికి సమంగా పక్కగోడ మీద గీత గీశాడు.